జిగ్గులకి, అచ్చులకి సరిపోయే ప్లైవుడ్ ఎక్కడ దొరుకుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడలో చిన్న వర్క్‌షాప్ పెట్టారు. కుర్చీ భాగాలకి రూటర్ టెంప్లేట్లు (ముక్కలన్నీ ఒకే ఆకారంలో కోయడానికి), డ్రిల్లింగ్ జిగ్గులు (రంధ్రాలు ప్రతిసారీ ఒకేచోట పడేలా పట్టి ఉంచడానికి), వాటితోపాటు ఎఫ్‌ఆర్‌పీ, అంటే ఫైబర్ గ్లాస్ సీట్లకి అచ్చులు చేసుకోవాలి. షాపులో ఉన్నవాటిలో ఖరీదైనదని 18 ఎంఎం మెరైన్ ప్లై కొన్నారు. కోసి చూస్తే అంచుల్లో సందులు. వారం తిరక్కుండానే మిగిలిన షీటు వంగింది. ఇక బాల్టిక్ బర్చ్ (విదేశీ బర్చ్ చెక్క ప్లై) తెప్పించుకోవడమే దారా, అది ఎక్కడ దొరుకుతుంది అంటున్నారు.

హైదరాబాద్‌లో బాలానగర్ వైపు జిగ్గులు, ఫిక్చర్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మీకు ఇచ్చింది నిజంగానే మెరైన్ ప్లై అయ్యుండొచ్చు. మన మార్కెట్లో ప్లైవుడ్‌కి రేటు కట్టేది రెండే చూసి: నీళ్లకి ఎంత తట్టుకుంటుంది, పై పొర ఎంత బాగుంది. కిచెన్ కప్‌బోర్డులు చేసేవాళ్లకి అవే కావాలి, షాపులు బతికేదీ వాళ్ల మీదే. మీ జిగ్గుకి ఆ రెండూ దాదాపు అక్కర్లేదు. లోపల సందు లేని కోర్ (మధ్య పొరలు) కావాలి, షీటంతా ఒకే మందం ఉండాలి, వంపు ఉండకూడదు. ఈ మూడూ ఉన్నాయో లేదో రేటు చూసి తెలుసుకోలేం. షీటునే చూడాలి.

ముందు షీటు మీద వేసే ఐఎస్ నంబర్ల సంగతి. మామూలు వాడకం ప్లైవుడ్‌కి మన ప్రమాణం ఐఎస్ 303. అందులో ఎంఆర్ (తేమకి ఆగేది), బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి ఆగేది) అని రెండు గ్రేడ్లు. మెరైన్ ప్లైకి ఐఎస్ 710. ఎంఆర్‌లో మామూలుగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది, మెరైన్‌లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్. ఐఎస్ 710 ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు. ఇదంతా జిగురుకి పెట్టే పరీక్ష. మీ టెంప్లేట్‌ని ఎవరూ ఉడకబెట్టరు. కోర్‌లో సందుల మీద కూడా ప్రమాణాల్లో పరిమితులు ఉన్నాయి, కాకపోతే లోపల ఏముందో కోస్తే గానీ బయటపడదు.

మందం విషయంలో ఎంత వదులు ఉందో చూడండి. ఐఎస్ 303 ప్రకారం 6 ఎంఎం, ఆపైన ఉన్న షీట్లకి ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 18 ఎంఎం అని అమ్మిన షీటు 17.1 ఉన్నా చెల్లుతుంది, 18.9 ఉన్నా చెల్లుతుంది. అల్మరాకి దీంతో ఇబ్బందేమీ లేదు. 18 ఎంఎం గాడిలో పట్టి జారాల్సిన జిగ్గుకైతే ఒకటి దూరదు, ఇంకొకటి గలగల్లాడుతుంది. కంపెనీని తిట్టుకుని లాభం లేదు, వాళ్లు ప్రమాణం లోపలే ఉన్నారు. అందుకే గాడి కొట్టే ముందు ఆ షీటు ముక్కనే కొలిచి కొట్టాలి తప్ప, బిల్లు మీద అంకె చూసి కొట్టకూడదు.

ఇక సందుల వల్ల ఏమవుతుందో మీరు ఇప్పటికే చూసి ఉంటారు. రూటర్ బిట్టు బేరింగు టెంప్లేట్ అంచుని తడుముకుంటూ నడుస్తుంది. పెద్ద సందు సరిగ్గా బేరింగు నడిచే ఎత్తులో వస్తే, దాని పైనా కిందా ఉన్న పల్చటి పొరలు నలిగి బేరింగు లోపలికి దిగుతుంది. ఆ గుంట ఒక్క కుర్చీ కాలుకి కాదు, ఆ టెంప్లేట్‌తో తీసిన ప్రతి కాలుకీ పడుతుంది. డ్రిల్లింగ్ జిగ్గులో సందు ఉన్నచోట స్టీల్ బుష్ (డ్రిల్ బిట్టుకి దారి చూపే గొట్టం) దిగ్గొడితే దాని చుట్టూ పట్టు సగమే ఉంటుంది. కొన్నాళ్లకి బుష్ ఊగుతుంది, రంధ్రాలు పక్కకి పోతాయి. అచ్చు మీద వాక్యూమ్ బ్యాగ్ (గాలి లాగేసి సరుకుని అచ్చుకి అదిమే సంచి) వేస్తే అంచు నుంచి ఆ సందుల గుండా గాలి లాగుతూనే ఉంటుంది. గేజ్ నిలవదు. లీకు ఎక్కడుందా అని బ్యాగ్ చుట్టూ టేప్ వేసుకుంటూ కూర్చుంటారు, లీకేమో చెక్క లోపల ఉంటుంది.

మన ప్లైవుడ్ ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఒకప్పుడు అడవి నుంచి లావుపాటి దుంగలు వచ్చేవి. 1996 డిసెంబర్‌లో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ఈశాన్య రాష్ట్రాల్లో చాలా మిల్లులు మూతపడ్డాయి. పరిశ్రమ పొలాల్లో పెంచిన కలప వైపు మళ్లింది. హర్యానాలోని యమునానగర్ చుట్టూ పాప్లర్, యూకలిప్టస్, కేరళలో పెరుంబావూర్ చుట్టూ రబ్బరు చెక్క. పై పొరకి పేరున్న గర్జన్ చెక్క ఎక్కువగా బర్మా నుంచి వచ్చేది. 2014 ఏప్రిల్ నుంచి ఆ దేశం దుంగల ఎగుమతి ఆపేసింది. అప్పటి నుంచి షాపులో మీరు చూసే ఎర్రటి ఫేస్ (పై పొర) చాలా షీట్ల మీద అర ఎంఎం కూడా ఉండదు.

పొలంలో నాలుగైదేళ్లు పెరిగిన జామాయిల్ దుంగ సన్నగా ఉంటుంది. దాన్ని ఒలిస్తే వెడల్పాటి పొర రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. చిన్న మిల్లుల్లో ఆ ముక్కల్ని ఎండలో ఆరబెట్టి, జిగురు రాసి, చేత్తో పక్కపక్కన పేరుస్తారు. ప్రెస్సులోకి వెళ్లేలోపు ఒక ముక్క జరిగితే సందు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే బుడిపె. ఎండలో ఆరిన ముక్కల్లో తేమ ఒకే రకంగా ఉండదు కాబట్టి షీటు తర్వాత మెలి తిరుగుతుంది. మీ షీటు వంగిందంటే నేను మొదట అనుమానించేది దీన్నే. పెద్ద కంపెనీలు డ్రయర్లలో ఆరబెట్టి, కోర్ ముక్కల్ని మిషన్ మీద దారంతో కుట్టి ఒకే పొరగా చేస్తాయి. ‘కంపోజ్డ్ కోర్’, ‘కాలిబ్రేటెడ్’ అనే మాటలు మీకు పనికొచ్చేవి. మొదటిది సందుల గురించి, రెండోది మందం గురించి. అడిగి చూడండి. షాపతను తెల్లమొహం వేస్తే అతని దగ్గర అది లేనట్టే.

షాపులో ఎలా చూడాలో చెబుతాను. మొదటిది బరువు. 8×4 అడుగుల 18 ఎంఎం షీటు ఘనపరిమాణం 0.054 ఘనపు మీటర్ల దగ్గర ఉంటుంది. పాప్లర్ ఎక్కువున్న షీటు 30 కిలోల లోపే తూగుతుంది. గట్టి చెక్క కోర్ అయితే 40 దాకా వెళ్తుంది. ‘ఫుల్ హార్డ్‌వుడ్ సార్’ అంటూ ఇచ్చిన షీటుని ఒక్కడే కుర్రాడు అలవోకగా భుజానికెత్తుకుంటే అక్కడే అర్థమైపోవాలి. రెండోది అంచులు. నాలుగు వైపులా చూడండి, పైనున్న షీటు ఒక్కటే కాదు, మీకు ఇవ్వబోయే షీటు. మిల్లులో అంచుల సందులకి పుట్టీ పెట్టి రంగు కొట్టడం మామూలే. రంగున్న చోట గోరుతో గీకితే పుట్టీ రాలుతుంది. మూడోది చప్పుడు. రూపాయి బిళ్లతో అడ్డంగా, నిలువుగా కొడుతూ పోతే సందున్నచోట శబ్దం డొల్లగా మారుతుంది. చుట్టూ మార్కెట్ గోల ఉంటే ఇది సరిగా వినపడదు, కాబట్టి దీన్ని మరీ నమ్మకండి. నాలుగోది డిజిటల్ కాలిపర్. నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలు కొలవండి. ఒకే షీటులో తేడా 0.3 ఎంఎం లోపు ఉంటే జిగ్గులకి నేను తీసుకుంటాను. అర ఎంఎం దాటితే వద్దంటాను, ఏ బ్రాండైనా సరే.

జిగురు లైను నల్లగా ఉంటే ఫినాలిక్ అని కొందరు చెబుతారు. యూరియా జిగురుకి కూడా రంగు కలిపి నల్లగా చేస్తున్నారు, కాబట్టి అది గుర్తు కాదు. అనుమానం ఉంటే తునక ఒకటి తెచ్చి గిన్నెలో ఓ పూట మరిగించండి, యూరియా జిగురైతే విచ్చుకుంటుంది. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో, ఏ సరుక్కి ఇచ్చారో కనిపిస్తుంది. నీళ్లు తగిలే అచ్చులకైతే ఇంత చూడాలి. పొడి జిగ్గులకి ఎంఆర్ గ్రేడ్ చాలు. ఆ డబ్బు మంచి కోర్ మీద పెట్టండి.

ఇప్పుడు బాల్టిక్ బర్చ్. దాని పేరు ఊరికే రాలేదు. ఫిన్లాండ్, లాట్వియా, రష్యాల్లో చేసే ఈ ప్లైలో పై నుంచి కింద దాకా అన్నీ బర్చ్ పొరలే, ఒక్కోటి సుమారు 1.4 ఎంఎం. 6.5 ఎంఎంలో 5 పొరలు, 9లో 7, 12లో 9, 18లో 13. లోపల ముడులు ఉండొచ్చు గానీ పెద్ద సందులు అరుదు. అంచు కోస్తే రూటర్ బేరింగుకి గాజు మీద నడిచినట్టు ఉంటుంది. ఘనపు మీటరు 680 కిలోల ప్రాంతంలో తూగుతుంది కాబట్టి స్క్రూ కూడా గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: బర్చ్ 18 కూడా నిఖార్సైన 18 కాదు. ఫిన్లాండ్ కొలతల ప్రకారమే 17.1 నుంచి 18.1 వరకు ఉండొచ్చు. కాకపోతే ఒక షీటు లోపల తేడా బాగా తక్కువ, మనకి కావాల్సింది అదే.

రష్యా సరుకు 1525×1525, అంటే అయిదడుగుల చదరంలో ఎక్కువ వస్తుంది. దాని మీద ఎఫ్‌కే అని ఉంటే లోపలి వాడకానికి, యూరియా జాతి జిగురు. ఎఫ్‌ఎస్‌ఎఫ్ అని ఉంటే ఫినాలిక్, తడికి ఆగుతుంది. జిగ్గులకి ఎఫ్‌కే చాలు. బీ, బీబీ, సీపీ అనే గ్రేడ్లు పై పొర అందం గురించి. బీబీ మీద ముడులు కోసి గుండ్రటి బిళ్లలు అతికి ఉంటాయి, సీపీ ఇంకాస్త మొరటుగా ఉంటుంది. జిగ్గుకి బీబీ/సీపీ తీసుకోండి, పైనున్న గ్రేడుకి డబ్బు పోయకండి. 2022లో యుక్రెయిన్ యుద్ధం తర్వాత ఐరోపా సమాఖ్య రష్యా చెక్క దిగుమతిని ఆపేసింది. దాంతో ఫిన్లాండ్, లాట్వియా సరుక్కి అక్కడే గిరాకీ పెరిగింది. మనం రష్యా సరుకు మీద నిషేధమేమీ పెట్టలేదు, కాబట్టి ఇక్కడ అదీ దొరుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘బర్చ్ ప్లై’ అని అమ్మేదంతా ఇది కాదు. పైనా కిందా బర్చ్ ఫేస్ వేసి, లోపల పాప్లరో యూకలిప్టసో పెట్టిన చైనా రకం కూడా అదే పేరుతో తిరుగుతుంది. అంచు చూస్తే తెలిసిపోతుంది. పొరలు లావుగా, రంగులు తేడాగా ఉంటాయి. 18 ఎంఎంలో పదమూడు లెక్కకి రాకపోతే అది మనకి కావాల్సిన సరుకు కాదు.

ఎక్కడ దొరుకుతుందంటే, మామూలు ప్లైవుడ్ షాపుల చుట్టూ తిరగకండి. కప్‌బోర్డు పనికి ఎవరూ అడగరు కాబట్టి వాళ్లు పెట్టుకోరు. దీన్ని రోజూ వాడే పనులు వేరే ఉన్నాయి. అట్టపెట్టెలు, కార్టన్లు పంచ్ చేసే డైలు చేసేవాళ్లు అందులో ముందుంటారు. ఆ డైలో స్టీల్ బ్లేడు నిలబడాలంటే లేజర్‌తో కోసిన సన్నటి గాడి చుట్టూ చెక్క గట్టిగా ఉండాలి, సందు ఉంటే బ్లేడు పడిపోతుంది. అందుకే వాళ్లు 18 ఎంఎం బర్చ్ లాంటి దట్టమైన చెక్క ప్లై వాడతారు. ‘డై ప్లై’, ‘డై బోర్డు’ అని అడగండి. హైదరాబాద్‌లోనూ, ప్రింటింగ్ ఊరు శివకాశిలోనూ ఈ డైమేకర్లు ఉన్నారు. వాళ్లకి సరఫరా చేసేవాడి నంబరు సంపాదిస్తే మీ వెతుకులాట సగం అయిపోయినట్టే. వాళ్ల దగ్గర మిగిలే తునకలు కూడా బంగారం. డ్రిల్లింగ్ జిగ్గుకి అడుగు ముక్క చాలు కదా.

ఇంకో దారి, ప్రొఫెషనల్ స్పీకర్ బాక్సులు చేసేవాళ్లు. అడుగున అదిరే సబ్‌వూఫర్ పెట్టెలో సందున్న ప్లై పెడితే గరగరమంటుంది కాబట్టి మంచి పని చేసేవాళ్లు బర్చ్ తెప్పించుకుంటారు. చిన్న ముక్కలకి లేజర్ కటింగ్ షాపులు ఉన్నాయి. అక్కడ 3, 4, 6 ఎంఎం దొరుకుతుంది గానీ చదరపు అడుగు లెక్కన బాగా ఎక్కువ పడుతుంది. పెద్ద షీట్లు కావాలంటే చెన్నై, బెంగళూరు, ముంబై దిగుమతిదారులే గతి. ఒక షీటు కోసం వాళ్లు మాట్లాడరు, లారీ ఖర్చు కూడా గిట్టదు. ఆటోనగర్‌లోనే మీలాంటి ఇద్దరు ముగ్గురు కలిసి ఆర్డరు పెట్టుకోండి. డబ్బు కట్టే ముందు అంచు ఫొటోలు తెప్పించుకోండి, ఫేస్ ఫొటోలు కాదు.

బర్చ్ కంటే గట్టిది కావాలంటే కాంప్రెగ్ ఉంది. పల్చటి పొరలకి ఫినాలిక్ రెజిన్ పట్టించి, విపరీతమైన ఒత్తిడితో వేడి ప్రెస్సులో నొక్కి చేస్తారు. ఐఎస్ 3513 దీని ప్రమాణం. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, సాంద్రత నీటికి 1.2 నుంచి 1.4 రెట్ల దాకా. రైల్వే బోగీల్లో నేలకి వాడతారు, ట్రాన్స్‌ఫార్మర్లలో కాయిల్స్ బిగించడానికి వాడతారు. దీంట్లో ట్యాప్‌తో మర తిప్పి నేరుగా బోల్టు బిగించొచ్చు. రోజూ వందల సార్లు కొట్టుకునే లొకేటర్ బ్లాకులు, వంచే డైలు, స్టాపర్లు దీంతో చేస్తే ఏళ్ల తరబడి అరగవు. కార్బైడ్ టూల్ లేకుండా ముట్టుకోకండి, మామూలు రంపం పళ్లు పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ రిపేర్ షాపుల్లో పాత ముక్కలు చవగ్గా ఇస్తామంటారు. అవి ఏళ్ల తరబడి నూనెలో నానినవి. జిగురు పట్టదు, పెయింట్ పట్టదు. బోల్టులతో బిగించే ముక్కలకైతే సరే, లేకపోతే వద్దు.

ఇప్పుడు మీకు నచ్చకపోవచ్చు గానీ, మీ లిస్టులో సగం పనికి అసలు ప్లైవుడ్డే అక్కర్లేదు. రూటర్ టెంప్లేట్లకి నేను మొదట చూసేది హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు, అంటే తేమకి బాగా ఆగే దట్టమైన బోర్డు. కలప పొడి లాంటి నారని వేడి ప్రెస్సులో నొక్కిన బోర్డు కాబట్టి లోపల పొరలూ లేవు, సందులూ లేవు. ఘనపు మీటరు 850 కిలోల దగ్గర ఉంటుంది. మందం షీటంతా ఒకేలా వస్తుంది. అంచుని ఎమెరీతో అద్దంలా నున్నగా చేయొచ్చు. ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. 12 ఎంఎం తీసుకోండి. 6 ఎంఎం అయితే బేరింగు సరిగా ఆనదు, పైగా క్లాంపు బిగిస్తే వంగుతుంది. దీని లోపం స్క్రూలు. అంచులో బిగిస్తే చీలుతుంది, ఒకే రంధ్రంలో పదిసార్లు తీసి పెడితే పిండైపోతుంది. కింద పడితే మూల నలుగుతుంది. కాబట్టి క్లాంపులు, టాగుల్స్, నట్లు బోల్టులు ఉండే జిగ్గు శరీరం ప్లైతో, చెక్కని తాకే టెంప్లేట్ భాగం హెచ్‌డీహెచ్‌ఎంఆర్‌తో చేయండి. టెంప్లేట్ అరిగితే అదొక్కటే మార్చుకుంటారు.

బర్చ్ దొరక్కపోతే చేయగలిగింది ఇంకొకటి ఉంది, మందపాటి షీటుని మీరే అతికి చేసుకోవడం. కాలిబ్రేటెడ్ 9 ఎంఎం షీట్లు రెండు కలిపి 18 చేస్తే, ఒకే 18 ఎంఎం షీటు కంటే చదునుగా వస్తుంది. సందులు రెండు షీట్లలో ఒకేచోట పడవు. కొద్దిపాటి వంపు ఉంటే, ఉబ్బెత్తు వైపులు ఎదురెదురుగా పెడితే ఒకదాని వంపుని ఇంకొకటి లాగి పట్టుకుంటుంది. నార మాత్రం రెండిటికీ ఒకే దిశలో ఉండాలి. ప్లైవుడ్‌లో పొరలు అడ్డదిడ్డంగా ఉంటాయి కదా అని చాలామంది రెండో షీటుని అడ్డం తిప్పి అతుకుతారు. అప్పుడు పై సగం ఒక దిశలో, కింద సగం ఇంకో దిశలో కదిలి, కచ్చితంగా మెలి తిరుగుతుంది. అడ్డం తిప్పాలంటే మూడు షీట్లు ఉండాలి, తిప్పేది మధ్యదాన్ని.

జిగురుకి వాటర్‌ప్రూఫ్ రకం పీవీఏ చాలు, చదరపు మీటరుకి 150 నుంచి 200 గ్రాములు, పళ్ల గరిటెతో ఒకవైపు సమంగా లాగండి. సన్‌మైకా అతికే ఎస్ఆర్ లాంటి రబ్బరు జిగురు వద్దు. అది ఎప్పటికీ మెత్తగానే ఉండి, బరువు పడితే జారుతుంది. చదునైన ప్రెస్ లేదని బాధపడకండి. మనకి చీమకుర్తి ఉంది, కరీంనగర్ ఉంది. వంటగట్టు గ్రానైట్ అమ్మే షాపులో మిగిలిన పాలిష్ పలక ఒకటి తెచ్చుకోండి. సర్ఫేస్ ప్లేట్ అంత కచ్చితం కాదు, చెక్కపనికి మాత్రం సరిపోతుంది. కొనేముందు స్టీల్ స్కేలు నిలబెట్టి వెనక సెల్‌ఫోన్ లైటు పెడితే వెలుతురు ఎక్కడ జారుతుందో కనిపిస్తుంది. పలక కింద ఆసరా అంతటా సమంగా ఉండాలి, లేదంటే పలకే వంగుతుంది. పాలిథీన్ కాగితం పరిచి, రెండు షీట్లు పెట్టి, పైన ఇంకో పలక, దాని మీద బరువులు, చుట్టూ క్లాంపులు. రాత్రంతా ఉంచండి. తెల్లారి తీసి వెంటనే కోయకండి. జిగురులోని నీళ్లు చెక్కలోకి దిగి ఉంటాయి, రెండు వైపులా గాలి తగిలేలా బద్దల మీద రెండు మూడు రోజులు ఆరనివ్వండి.

రెండు మీటర్ల అసెంబ్లీ టేబుల్ లాంటి పెద్ద బేస్ కావాలంటే ఎంత మందం ప్లై తెచ్చినా ఉపయోగం లేదు. 12 ఎంఎం షీట్లు పైనా కిందా వేసి, మధ్యలో ఆరంగుళాలకొక బద్ద చొప్పున గళ్లు కట్టి పెట్టెలా చేయండి. తేలిగ్గా ఉంటుంది, వంగదు.

సీటు అచ్చుల లెక్క వేరు. పదీ ఇరవై సీట్లే తీయాలంటే ప్లై అచ్చు మీదే నేరుగా తీయొచ్చు. అంతకంటే ఎక్కువైతే ప్లైతో సీటు ఆకారంలో నమూనా (ప్లగ్) చేసి, దాని మీద టూలింగ్ జెల్‌కోట్ (అచ్చుకి గట్టి పై పూత)తో ఎఫ్‌ఆర్‌పీ అచ్చు లాగండి, అసలు ఉత్పత్తి దాన్నుంచి తీయండి. ఏ దారైనా అస్థిపంజరానికి 18 ఎంఎం రిబ్బులు నిలబెట్టి, వాటి మీద వంగే రకం ఫ్లెక్సీ ప్లై పరుస్తారు. మీ దగ్గర వంగిపోయిన మెరైన్ షీటుని ఈ రిబ్బులకి వాడేయండి. సన్న బద్దలుగా కోసి అంచు మీద నిలబెడితే షీటు వంపు లెక్కలోకి రాదు, తడి తట్టుకునే జిగురు అక్కడ పనికొస్తుంది.

ఉపరితలం విషయంలో తొందరపడకండి. ప్లై నార రెజిన్ గుండా అచ్చుపడి, సీటు మీద గీతలుగా తేలుతుంది. ముందు పల్చటి ఎపాక్సీ రెండు చేతులు పట్టించి, పుట్టీ, ఆ తర్వాత రెండు భాగాలు కలిపే పీయూ ప్రైమర్ కొట్టండి. 400, 800, 1200 ఎమెరీలతో నీళ్లు పోసి రుద్ది, వాక్స్ నాలుగైదు సార్లు, దాని మీద పీవీఏ రిలీజ్ (సీటు అచ్చుకి అంటుకోకుండా వేసే పూత, ఇందాకటి పీవీఏ జిగురు కాదు). ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ చవక అని దాంతో సరిపెట్టొద్దు. పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని ముడతలు పడేలా లేపేస్తుంది. గోడలకి రెండు మూడు డిగ్రీల వాలు ఇవ్వండి, లేకపోతే సీటు బయటికి రాదు. వాక్యూమ్ వేసే అచ్చు అయితే అంచుల్ని, వెనక వైపుని, బోల్టు రంధ్రాల లోపలి గోడల్ని కూడా ఎపాక్సీతో మూసేయాలి.

చివరిగా వాతావరణం, ఎందుకంటే విజయవాడలో ఇది హైదరాబాద్ కంటే పెద్ద సమస్య. ఏసీ గోడౌన్ నుంచో, పొడి ఊరి నుంచో వచ్చిన షీటుని మీ షాపులో వారం పదిరోజులు బద్దల మీద పడుకోబెట్టాకే కోయండి. గోడకి ఆనించి నిలబెట్టకండి, సిమెంటు గచ్చు మీద నేరుగా పెట్టకండి. వంగడానికి కారణాల్లో సగం అక్కడే ఉంటుంది. జిగ్గు పూర్తయ్యాక పైనా కిందా అంచులకీ ఒకే రకం పూత, ఒకేసారి వేయండి. ఒకవైపే సన్‌మైకా అతికితే అటువైపు తేమ ఆగి, ఇటువైపు నుంచి ఎక్కి షీటు విల్లులా తిరుగుతుంది. అతికితే రెండు వైపులా అతకాలి, వెనక వైపు చవక రకమైనా పర్వాలేదు. పాప్లర్, రబ్బరు చెక్క కోర్ ఉన్నవాటికి పుచ్చు తొందరగా పడుతుంది. షీటు కింద తెల్లటి పొడి రాలుతుంటే మిగతావాటి నుంచి దాన్ని వెంటనే వేరు చేయండి.

ఇప్పటికైతే మీరు కొనాల్సింది ఒక 12 ఎంఎం హెచ్‌డీహెచ్‌ఎంఆర్ షీటు, రెండు 9 ఎంఎం కాలిబ్రేటెడ్ ప్లై షీట్లు, డైమేకర్ దగ్గర అడిగి తెచ్చుకున్న నాలుగు బర్చ్ ముక్కలు. బర్చ్ ఫుల్ షీట్లకి ఈ పని మొదలయ్యాక చూడండి. సీటు కొలతలు, నెలకి ఎన్ని తీయాలి, పాలియెస్టరా ఎపాక్సీనా రాయండి, రిబ్బుల మధ్య దూరం ఎంత పెట్టాలో లెక్క వేసి చెబుతాను.